ఒక్కడివే పడుకోవద్దు నాయనా

బేతంచెర్ల



తెల్లారుజామున పీడకలలొచ్చి కేకలు పెట్టి లేస్తున్నావని నీ పక్కగది పిల్లోడు మీ అమ్మకు ఫోను చేసినాడంట. నాకేమో బాగున్నానని మెసేజి పెట్టినావు. ఫోనులో అయితే రెండు మాటల్లో తప్పించుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నా.

మీ అమ్మ తాయెత్తు తెస్తానంటోంది. కట్టించుకో, ఆమె మనసు కుదుటపడుతుంది. కానీ పోయిన నీ తమ్ముడు, మన చిన్నోడు, పీడించను వస్తున్నాడని ఎవరన్నా అంటే నమ్మొద్దు. వాడు ఉన్నన్నాళ్లూ నీ వెంటే తిరిగినాడు, నిన్ను ఏడిపించినోడు కాదు.

నాపరాయి తీసి వదిలేసిన గుంతలో వాననీళ్లు నిలబడితే పిల్లలు చెరువనుకుంటారు. అంచు దాటితే నిట్టనిలువు లోతు. పక్కన బండంతా నాచు, వేలు ఆనదు. చిన్నోడు మునిగిపోయిన ఆ మధ్యాహ్నం నువ్వు ఫోను తీసివున్నా ఆ గుంత లోతు తగ్గేది కాదు. ఈ మాట పగలు నీకు తెలుసు. నిద్రలో తెలియదు, అంతే. కలలో నువ్వు పరిగెత్తి అందుకోలేకపోతున్నావంటే నీ తప్పు రుజువైనట్టు కాదు. వాడు లేడన్న సంగతి నీ లోపలి మనసు ఇంకా ఒప్పుకోలేదు.

మా నాయన మీద బండ జారినప్పుడు నేను కుండ తీసుకొని నీళ్లకు పోయినా. చాన్నాళ్లు కలలో ఆ కుండ నిండేది కాదు. మా జేజి పొద్దున్నే పొయ్యి ముందర కూర్చోబెట్టుకునేది. పెనం మీద జొన్నరొట్టె వేసి, తడిచెయ్యి పైన రాసి, అది తిప్పేలోపల కల మొత్తం చెప్పమనేది. ఒకనాడు "ఈసారి కుండ నిండిందని చెప్పురా" అనింది. అట్లే చెప్పినా. రోజూ చెప్పించింది. కొన్నాళ్లకు కలలోనూ నిండింది. ఇప్పుడు డాక్టర్లు కూడా పీడకలకు ఇట్లాంటి పనే చేయిస్తున్నారు. మెలకువగా ఉన్నప్పుడు కల ముగింపు మార్చి రాసుకొని, దాన్ని రోజూ మనసులో తిప్పుకోమంటారు. కలలొచ్చే నిద్ర రాత్రి రెండో సగంలోనే ఎక్కువ, అందుకే నీకు తెల్లారుజామున వస్తోంది. దెయ్యాల వేళని భయపడొద్దు.

రామాయణంలో భరతుడు మేనమామ ఇంట్లో ఉన్నప్పుడు దశరథుడు జుట్టు విరబోసుకొని కొండ మీదనుంచి పేడగుంటలో పడినట్టు కలగన్నాడు. స్నేహితులు ఆటపాటలతో నవ్వించను చూసినా తేరుకోలేదు, కల చెప్పుకున్నాడు. ఆ తర్వాత అయోధ్యకు వచ్చి కౌసల్య ముందర ఎన్ని ఒట్లు పెట్టుకున్నాడో! రాముణ్ని అడవికి పంపింది కైకేయి, కుమిలింది తాను. ఏ పాపం ఎరగనోడే అంత కుమిలిపోయినాడు. బంగారూ, నువ్వు కూడా అట్లే ఒట్లు పెట్టుకుంటున్నావు, అడిగేవాళ్లే లేరు. మీ అమ్మ నిన్ను ఒక్కమాట అనలేదు, అనదు.

అసలు సంగతి ఇది. ఒక్కడివే పడుకోవద్దు. లోపల గడియ పెట్టుకుంటావంటనే, ఎందుకురా? పక్కగదిలో చాప వేసుకో. అద్దె ఎక్కువైతే నేను పంపుతా. లేదంటే మీ అత్త కొడుకు గదికి పో. వాడు గురక పెడతాడని సాకు చెప్పొద్దు. నడిరేయి మెలకువొస్తే మనిషి ఉన్నాడని తెలుస్తుంది, గురక మంచిదే. ఏదీ కుదరకపోతే నేనే వచ్చి నీ గదిలో పడుకుంటా. పాలిష్ ఫ్యాక్టరీ లెక్కలు ఎవరో ఒకరు చూసుకుంటారు. వద్దంటే వినను.

ఇంకొకటి. 14416 కు ఫోను చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది. రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. నాకు చెప్పలేనివి వాళ్లకు చెప్పు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడన్నా వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ముందు నన్ను లేపు. ఎంత రాత్రైనా సరే.

వేళకు తిను. పై శనివారం బయలుదేరి రా, మద్దిలేటి స్వామి దగ్గరికి పోదాం. రైలెక్కినాక ఫోను చెయ్యి, స్టేషనుకు బండి తెస్తా.

ఇట్లు
మీ పెదనాయన