గొంతులో ఆగిన ఆమేన్

సమస్య: అమ్మా, మాది తిరుమంగళం. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. మూడు తరాలుగా క్రైస్తవులం. మా మామగారు వీలునామా రాయకుండానే పోయారు. అత్తగారు అంతకుముందే పోయింది. కళ్లిగుడి దారిలో ఆయన కొన్న 80 సెంట్ల నల్లరేగడి నాలుగు వరసల రోడ్డు పక్కన పడేసరికి ధర ఎక్కడికో పోయింది. మావారికి ఒక్కతే చెల్లెలు. భర్త పోయాక విరుదునగర్‌లో బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. పెళ్లికి 15 సవర్లు పెట్టాం కాబట్టి ఇక పాలు లేదంటారు మావారు. ఆమె వాటా వదులుకుంటున్నట్టు విడుదల పత్రం కూడా రాయించారు. పోయిన శనివారం కుటుంబ ప్రార్థనలో ఆ పత్రాన్ని బైబిలు మీద పెట్టి, "ప్రభువా, దాని మనసు మార్చి సంతకం పెట్టించు, వచ్చేదాంట్లో పదో వంతు నీకే" అని ప్రార్థించారు. పిల్లలు ఆమేన్ అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. భర్తకు లోబడలేదని అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నాది తప్పా?

– ఒక సోదరి, తిరుమంగళం

సలహా: నీ తప్పేమీ లేదు తల్లీ. ఆస్తి తగాదాల ఉత్తరాలు నాకు కొత్త కాదు. కానీ బైబిలు మీద పత్రం పెట్టారన్న చోట చదవలేక ఆగిపోయాను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని ప్రకారం మీ మామగారి స్వార్జితంలో కొడుకూ కూతురూ సమానం. తండ్రి బతికుండగా పెట్టిన నగలు ఆ వాటాలోంచి తగ్గవు. 40 సెంట్లు ఆమెవి. వకీలును చూడకుండా సంతకం పెట్టొద్దని ఆమెకు నువ్వే కబురు పెట్టు.

ఇక లోబడటం సంగతి. అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయం తీసి చూడు. అననీయ పొలం అమ్మి, కొంత దాచుకుని, మిగతాదే మొత్తం వెల అన్నట్టు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. చచ్చి పడ్డాడు. దాదాపు మూడు గంటల తర్వాత సంగతి తెలియని సప్పీరా వచ్చింది. పేతురు ఆమెను విడిగా అడిగాడు, పొలం ఇంతకేనా అమ్మారని. అంతకేనంది. ఆమె ప్రాణమూ అక్కడే పోయింది. మావారు చెప్పమన్నారనే జవాబు ఆమెను కాపాడేది కాదు. దేవుడు భార్యను వేరుగా అడుగుతాడు. నిన్నూ అడుగుతాడు.

పేరాశ ఒక్కడితో ఆగదు. ఇంటిల్లిపాదినీ సాక్షులుగా నిలబెడుతుంది. తాగుడైతే నలుగురికీ కనబడుతుంది, ఇది భక్తి కట్టుకుని వస్తుంది. అందుకే పౌలు కొలొస్సయులకు రాస్తూ దీన్ని విగ్రహారాధనలో చేర్చాడు. పాలు పంచమని తన సోదరుడితో చెప్పమంటూ వచ్చినవాడికి యేసు తీర్పరిగా కూర్చోనన్నాడు. ధనాశ జాగ్రత్త అని, కొట్లు పెద్దవి కడదామనుకున్న రాత్రే పోయిన ధనవంతుడి కథ చెప్పాడు. అలాంటి ప్రభువు చెల్లెలి భాగంలో పదో వంతు పుచ్చుకుంటాడా? 1606లో మీ మదురైకి వచ్చిన రాబర్ట్ డి నొబిలి ఇటలీలో దొరల బిడ్డ. ఇక్కడ కాషాయం కట్టి, ఒంటిపూట తిని సువార్త చెప్పాడు. ఆశ వదిలినవాడి మాటే ఈ నేల వింటుందని ఆయనకు తెలుసు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మీ పిల్లల ఆమేన్. మేనత్త నోటి దగ్గర కూడు లాక్కోవడం ప్రార్థనేనని వాళ్లు ఆ రాత్రి నేర్చుకున్నారు. ఈ శనివారం ప్రార్థనకు ముందు వాళ్లెదుటే ఆ పత్రాన్ని బైబిలు మీంచి తీసెయ్యి. అరవకు, ఏడవకు. "అత్త భాగం అత్తది" అని చెప్పి, తర్వాత మోకరించు.