వ్యాప్తి సరిహద్దులలో అడవి సీమకోడి ఉపజాతుల గుర్తింపు

ఉత్తర అమెరికాకు చెందిన అడవి సీమకోడి, అనగా మెలియాగ్రిస్ గాలోపావో, ఆరు ఉపజాతులుగా విభజింపబడినది. వీటిలో తూర్పు, ఆసియోలా, రియోగ్రాండే, మెరియమ్, గూల్డ్ ఉపజాతులు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నాయి. ఆరవది దక్షిణ మెక్సికోది. ఒక ఉపజాతి వ్యాప్తి ప్రాంతపు నడిమధ్యన పటం చూస్తే చాలు, పక్షి ఏదో తెలిసిపోతుంది. సరిహద్దులలో మాత్రం వేటగాడైనా పరిశోధకుడైనా ఈకలనే పరిశీలించవలసి ఉంటుంది.

ముందుగా చూడవలసినవి తోక ఈకల కొనలు, తోక మొదలును పైనుంచి కప్పే చిన్న ఈకల కొనలు. తూర్పు ఉపజాతిలో ఇవి ముదురు గోధుమ రంగులోను, రియోగ్రాండేలో లేత గోధుమ రంగులోను, మెరియమ్‌లో దాదాపు తెల్లగాను, గూల్డ్‌లో మంచువలె తెల్లగాను ఉంటాయి. కాన్సాస్ రాష్ట్రపు పడమటి భాగాన రియోగ్రాండే, తూర్పు భాగాన తూర్పు ఉపజాతి కలవు; ఈ రెంటి నడుమ సంకర పక్షులు కనిపిస్తాయి. వాటి తోక కొనల రంగు ఒక వర్ణానికి కట్టుబడదు. అట్టి పక్షికి బలవంతాన ఒక పేరు తగిలించుటకన్నా "సంకరము" అని నమోదు చేయుటే సరియైన పద్ధతి అని మా అభిప్రాయం.

ఫ్లోరిడాలో సమస్య వేరు. అక్కడ తూర్పు, ఆసియోలా ఉపజాతుల తోక కొనలు రెండూ గోధుమ రంగువే. కనుక రెక్కను విప్పి చూడాలి. తూర్పు ఉపజాతి పెద్ద రెక్క ఈకలపై నలుపు, తెలుపు చారలు ఇంచుమించు సమానమైన వెడల్పుతో ఉంటాయి. ఆసియోలాలో తెల్ల చారలు సన్నగా, తెగిపోయి, ఈక కాడను అందుకోక నిలిచిపోతాయి. రెక్క మొత్తం మీద నల్లగా కనబడుతుంది. వసంతంలో పుంజులు పురివిప్పి రెక్కలను నేలకు ఈడ్చుట వలన ఈకల చివరలు అరిగిపోతాయి. కావున పరిశీలన ఈక మధ్యభాగంలోనే చేయాలి. ఉత్తర ఫ్లోరిడాలో ఈ లక్షణం కూడ క్రమక్రమంగా మారుతుంది గనుక, వేట రికార్డులు నమోదు చేసే సంస్థ ఈకలను విడిచి కౌంటీ హద్దును ప్రమాణంగా తీసుకొన్నది. అది పరిపాలనా సౌకర్యమే గాని జీవశాస్త్రం కాదు.

ఇరవయ్యవ శతాబ్దంలో అంతరించిన చోట్ల పక్షులను తిరిగి వదలినప్పుడు కొన్నిటిని సహజ వ్యాప్తికి వెలుపల కూడ వదిలారు. దక్షిణ డకోటాలోని బ్లాక్‌హిల్స్‌కు మెరియమ్, కాలిఫోర్నియాకు రియోగ్రాండే చేరినది ఇట్లే. కావున మరల తరలింపు తలపెట్టేవారు పట్టిన పక్షి ఏ మందదో తెలియక పంపిన, ఒక ప్రాంతపు వాతావరణానికి అలవడిన మందలో పరాయి జన్యువులు కలిసే ప్రమాదం కలదు.

మరొక చిక్కు. పెంపుడు సీమకోడి దక్షిణ మెక్సికో ఉపజాతి సంతతి; దాని కంచురంగు రకపు తోక కొనలు తెల్లగా ఉంటాయి. మన పెరళ్ళలో పెంచే కంచురంగు సీమకోళ్ళలో విద్యార్థులు దీనిని స్వయంగా చూడవచ్చును. తూర్పు ఉపజాతి ప్రాంతంలో తెల్లకొన కల పక్షి కనబడితే, దానిని మెరియమ్ అని భావించుటకు ముందు దగ్గరలో ఎవరి దొడ్డినుంచైనా తప్పించుకొని వచ్చినదేమో విచారించాలి.