పత్తి చెక్క – పాడి పశువు



ఖమ్మం నల్లరేగళ్ల నుంచి బూర్గంపాడు, అశ్వాపురం అడవి అంచు వరకు మన ఇళ్లలో పత్తి పండిస్తారు. ఆ పత్తి గింజే చెక్కగా మారి మన గేదె తొట్టిలోకి తిరిగి వస్తుంది. దాని మంచిచెడ్డలు తెలుసుకుందాం.

గింజ నుంచి వచ్చేవి: వంద కిలోల పత్తిని జిన్నింగు చేస్తే సుమారు 35 కిలోల దూది పోగా, మిగిలినది ఎక్కువగా గింజే. గింజ నుంచి నూనె తీయగా చెక్క మిగులుతుంది. పొట్టు తీయని చెక్కలో మాంసకృత్తులు సుమారు 22 శాతం, పొట్టు తీసిన చెక్కలో 36 నుంచి 40 శాతం ఉంటాయి. విడి పొట్టులో 4 శాతమే; అది గడ్డికి బదులు మాత్రమే.

లెక్క చూడండి: 22 శాతం చెక్క కిలో 22 రూపాయలు, 38 శాతం చెక్క కిలో 30 రూపాయలు అనుకుందాం. కిలో మాంసకృత్తులకు మొదటిదానిలో 100 రూపాయలు, రెండోదానిలో 79 రూపాయలు పడుతుంది. తక్కువ ధర బస్తా ఎప్పుడూ చవక కాదు.

గాసిపాల్: పత్తి గింజను కోసి చూస్తే పప్పులో చిన్న నల్లని చుక్కలు కనిపిస్తాయి. గాసిపాల్ అనే విషపదార్థం వాటిలోనే ఉంటుంది. పెద్ద పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాని విషాన్ని చాలావరకు అణచివేస్తాయి. లేగదూడకు ఆ పొట్ట ఇంకా ఎదగదు. కనుక నాలుగు నెలల లోపు దూడలకు పత్తి చెక్క పెట్టరాదు. కోళ్లకు, పందులకు కూడా ఇది మంచిది కాదు.

బూజు: నేను పదో తరగతిలో ఉండగా వానకు తడిసిన బస్తాను అమ్మ పారేయలేక, ఎండబెట్టి గేదెకు పెట్టింది. గేదె మేత మానేసింది, పాలు తగ్గాయి. నా పుస్తకాలకు, బస్సు చార్జీలకు ఆ పాల డబ్బులే ఆధారం. పశువుల డాక్టరు గారు వచ్చి బస్తాలోని బూజు చూపించారు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు, పాలలోకీ దిగుతుంది.

వంద కిలోల దాణాకు:
1. మొక్కజొన్న నూక – 35 కిలోలు
2. తవుడు – 32 కిలోలు
3. పత్తి చెక్క – 15 కిలోలు
4. వేరుశనగ లేదా నువ్వుల చెక్క – 15 కిలోలు
5. ఖనిజ లవణ మిశ్రమం – 2 కిలోలు
6. ఉప్పు – 1 కిలో

గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున, పోషణకు మరో కిలో కలిపి ఇవ్వాలి. కొత్త దాణాను వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి. పచ్చిమేత, చొప్ప తగ్గించరాదు.

మరో హెచ్చరిక: విత్తగా మిగిలిన రంగు గింజలకు పురుగుమందు పట్టించి ఉంటుంది. వాటిని ఏ పశువుకూ పెట్టకూడదు.

మిత్రులారా! దసరా సెలవులకు ఇంటికి వెళ్లగానే చెక్క బస్తా విప్పి, వాసన చూడండి. అది నేల మీద ఉంటే కింద చెక్కపలకలు వేసి, గోడకు దూరంగా జరపండి. మనం చదివిన చదువు ముందుగా మన కొట్టంలో ఉపయోగపడాలి.