గురక గాఢనిద్రకు గుర్తు కాదు
(యుక్తవయసు పిల్లలలో నిద్రలో ఊపిరి అడ్డంకి)



“గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు” అంటే ఒళ్లు మరచి హాయిగా నిద్రపోతున్నాడని మనం అర్థం చెప్పుకుంటాం. అందుకే ఎదిగిన పిల్లలు రోజూ గురక పెడుతున్నా తల్లిదండ్రులు పట్టించుకోరు. “చదివి చదివి అలసిపోయాడు, పడుకోనివ్వండి” అంటారు. గురక పెద్దవాళ్ల జబ్బు అనీ, లావుగా ఉన్న తాతయ్యలకే వస్తుందనీ చాలామంది నమ్మకం. ఇది నిజం కాదు.

ఓపీలో డాక్టర్లు తరచుగా చూసే ఒక సందర్భం చెబుతాము. ఇంటర్ చదివే అబ్బాయి క్లాసులో కునికిపాట్లు పడుతున్నాడు. మార్కులు తగ్గాయి. వాడికి బద్ధకం ఎక్కువని తండ్రి కోపం. రక్తం తక్కువై నీరసం వచ్చిందేమో, టానిక్ రాయండి అని తల్లి అడుగుతుంది. “రాత్రి ఎలా పడుకుంటాడమ్మా?” అని డాక్టరు అడిగితే, “బాగానే పడుకుంటాడండీ. గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. మధ్యలో కాసేపు ఆగిపోయి, మళ్లీ ఉలిక్కిపడినట్లు పెద్దగా మొదలవుతుంది” అంటుంది. డాక్టరుకు కావలసిన సమాచారం ఈ చివరి మాటలోనే ఉంది. ఆ అబ్బాయికి నిద్రలో ఊపిరి ఆగుతోంది. ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు.

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

మన గొంతు వెనుక భాగాన్ని తెరచి ఉంచేది అక్కడి కండరాలే. నిద్రలో ఈ కండరాలు సడలుతాయి. దారి విశాలంగా ఉంటే ఇబ్బంది ఉండదు. ఇరుకుగా ఉంటే, గాలి లోపలికి వెళ్లేటప్పుడు మెత్తని అంగిలి, కొండనాలుక అదిరి శబ్దం వస్తుంది. అదే గురక. దారి ఇంకా మూసుకుపోతే ఊపిరి తగ్గిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మెదడు ప్రమాదాన్ని గ్రహించి మనిషిని క్షణకాలం మేల్కొలుపుతుంది. గొంతు తెరుచుకుంటుంది. పెద్ద శబ్దంతో ఊపిరి తీసుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. ఉదయం లేచాక ఇదేమీ గుర్తుండదు.

పెద్దవారిలో 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం రెండూ కలిపి గంటకు 5 సార్లు, అంతకంటే ఎక్కువ జరిగితే జబ్బు ఉన్నట్లు. 30 సార్లకు చేరితే తీవ్రమైనది. గంటకు 30 సార్లు అంటే సగటున రెండు నిమిషాలకొకసారి నిద్ర చెదిరిపోతోందన్నమాట. అలాంటి పిల్లవాడు ఎనిమిది గంటలు పడుకున్నా విశ్రాంతి దొరకదు. చిన్న పిల్లలలో గంటకు ఒకసారి జరిగినా డాక్టర్లు ఆలోచిస్తారు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

1. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగినవారు: అడినాయిడ్స్ అంటే ముక్కు వెనుక ఉండే కండ. చిన్నతనంలో పెరిగి, సాధారణంగా యుక్తవయసుకు చిన్నదైపోతుంది. కొందరిలో అలాగే మిగిలిపోతుంది.

2. బరువు ఎక్కువ ఉన్నవారు: మెడ చుట్టూ, నాలుకలో కొవ్వు చేరి గాలిదారి ఇరుకవుతుంది. యుక్తవయసులో ఇది ముఖ్యమైన కారణం. 18 ఏళ్లు దాటినవారిలో బీఎంఐ 25కు చేరితే భారతీయులకు స్థూలకాయంగానే లెక్క. 165 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి అది సుమారు 68 కిలోలు.

3. ముక్కు దిబ్బడ ఉన్నవారు: దుమ్ము పడక తరచు జలుబు చేసేవారు, ఉబ్బసం ఉన్నవారు, ముక్కు దూలం వంకరగా ఉన్నవారు.

4. కింది దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవారు: వీరు సన్నగా ఉన్నా ఈ జబ్బు రావచ్చు. “మావాడు బక్కగా ఉన్నాడు కదా” అని నిర్లక్ష్యం చేయకండి.

5. ఇంట్లో తల్లికో, తండ్రికో ఈ జబ్బు ఉన్నవారు.

6. మగపిల్లలు: యుక్తవయసు వచ్చాక ఆడపిల్లలకంటే వీరిలో ఎక్కువ. అయితే నెలసరి సరిగా రాని, పీసీఓఎస్ ఉన్న ఆడపిల్లలలో కూడా ముప్పు ఎక్కువే.

7. డౌన్ సిండ్రోమ్, థైరాయిడ్ లోపం, కండరాల జబ్బులు ఉన్నవారు.

8. పొగతాగేవారు, ఇంట్లో పెద్దల పొగ పీల్చే పిల్లలు, మద్యం లేదా నిద్రమాత్రలు వాడేవారు.

ఏ లక్షణాలు గమనించాలి?

రాత్రి: వారంలో మూడు రోజులకు మించి గురక, మధ్యలో ఊపిరి ఆగడం, నోరు తెరచి పడుకోవడం, మెడ వెనక్కి వంచి పడుకోవడం, విపరీతంగా చెమట, పక్క తడపడం.

పగలు: లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, క్లాసులో నిద్ర, మతిమరుపు, చిరాకు, చదువులో వెనుకబడటం.

ఒక విషయం గుర్తుంచుకోండి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు వరకు స్టడీ అవర్, తెల్లవారుజామున అయిదుకే లేపడం జరిగితే ఏ జబ్బూ లేకపోయినా పగలు నిద్ర వస్తుంది. కనుక ముందు సెలవుల్లో రెండు వారాలు కడుపునిండా నిద్రపోనివ్వండి. అప్పటికీ పగలు మగత తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. రోజూ గురక ఉన్నా, ఊపిరి ఆగుతున్నా ఈ రెండు వారాలు కూడా ఆగవద్దు.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుంది?

ఏళ్ల తరబడి ఇలాగే సాగితే చిన్న వయసులోనే బి.పి. పెరగవచ్చు, షుగరు వచ్చే అవకాశం ఎక్కువవుతుంది, గుండెపై భారం పడుతుంది. వీటికంటే ముందే పొంచి ఉన్న ప్రమాదం రోడ్డుమీదిది. నిద్రమత్తులో మోటారు సైకిలు నడిపే కుర్రవాడికి ఒక్క క్షణం రెప్ప పడితే చాలు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. “అమ్మాయి గురక పెడుతుందని తెలిస్తే సంబంధాలు రావు” అని కొందరు దాచిపెడతారు. దాచినందువల్ల జబ్బు పోదు. పెళ్లయి గర్భం దాల్చాక గురక, ఊపిరి అడ్డంకి ఉంటే బి.పి. పెరిగే ముప్పు ఎక్కువ. ముందుగానే చూపించడం అమ్మాయికే మేలు.

పరీక్షలు, చికిత్స

ఆస్పత్రికి వచ్చేముందు, పిల్లవాడు నిద్రపోతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు సెల్‌ఫోనులో వీడియో తీసుకురండి. ఛాతీ కదులుతూ కూడా ఊపిరి శబ్దం ఆగిపోతోందా అన్నది అందులో కనిపించవచ్చు. డాక్టరు గొంతు, ముక్కు, దవడ, బరువు, బి.పి. పరీక్షిస్తారు. అవసరమైతే స్లీప్ స్టడీ చేయిస్తారు. ఒక రాత్రి నిద్రపోతుండగా ఊపిరి, ఆక్సిజన్, గుండె, మెదడు పనితీరును నమోదు చేసే పరీక్ష ఇది. సూదులు ఉండవు, నొప్పి ఉండదు.

కారణాన్నిబట్టి చికిత్స ఉంటుంది. టాన్సిల్స్, అడినాయిడ్స్ అడ్డుగా ఉంటే ఆపరేషను చేస్తారు. బరువు కూడా ఎక్కువ ఉన్నవారికి ఆపరేషను తరువాత కొంత జబ్బు మిగలవచ్చు. అందుకే మళ్లీ చూపించుకోవాలి. అలర్జీ ఉంటే ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇస్తారు. దవడ లోపం ఉన్నవారికి దంతవైద్యుల సహాయం అవసరం. అలాగే సీపాప్ అనే యంత్రం ఉంది. ముక్కుకు తొడిగే మాస్కు ద్వారా గాలిని వత్తిడితో పంపి గొంతును తెరచి ఉంచుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివాన్ బృందం 1981లో దీన్ని వైద్యలోకానికి పరిచయం చేసింది. మాస్కు అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. విసుగుతో మానేయకండి.

బరువు తగ్గడం ఎంత మేలు చేస్తుందో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెద్దవారిపై జరిగిన పరిశోధన 2000లో తెలిపింది. బరువు 10 శాతం తగ్గినవారిలో ఊపిరి అడ్డంకులు సుమారు 26 శాతం తగ్గుతాయని, 10 శాతం పెరిగితే 32 శాతం పెరుగుతాయని అంచనా వేశారు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోమనండి.
• రాత్రి భోజనం త్వరగా ముగించండి. చిప్స్, కూల్‌డ్రింకులు, బేకరీ తిండి తగ్గించండి. రోజూ గంటసేపు ఆట లేదా నడక ఉండాలి.
• పడకగదిలో దుమ్ము లేకుండా చూడండి. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయండి.
• ఇంట్లో ఎవరూ పొగతాగకూడదు.
• మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు, మత్తు కలిగించే దగ్గు మందులు కొని వేయకండి. ఊపిరి అడ్డంకి ఎక్కువ కావచ్చు.
• ఏ ఆపరేషనుకు వెళ్లినా, గురక సంగతి మత్తు డాక్టరు గారికి ముందుగానే చెప్పండి.

నిద్రలో పెదవులు నీలంగా మారినా, ఊపిరికోసం గిలగిలలాడినా, లేపినా సరిగా మేలుకోకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. తెల్లవారేదాకా ఆగవద్దు.

తల్లిదండ్రులారా, ఈ జబ్బు ఉన్న బిడ్డ తన జబ్బును తాను చూసుకోలేడు. నిద్రలో జరిగేది అతనికి తెలియదు. చూడగలిగింది ఇంట్లో మీరు, హాస్టల్లో అతని గది స్నేహితులు మాత్రమే. “బద్ధకస్థుడు” అని తిట్టేముందు ఒక్క రాత్రి ఆ బిడ్డ పక్కన కూర్చుని ఊపిరి వినండి. ఆగుతున్నట్లు అనిపిస్తే మరునాడే డాక్టరుకు చూపించండి.