ముక్కులో పెరుగు గడ్డలు – కోత కనబడని చికిత్స

జలుబు సాధారణముగ పది దినములలో తగ్గును. నెలల తరబడి ఒక్క ముక్కురంధ్రమే మూసుకొనిపోవుచు, ఆ ప్రక్కనుండియే నెత్తురు పడుచున్నచో దానిని జలుబనుకొనరాదు. 'ముక్కులో కండ పెరిగినది' అని పల్లెలలో అనుచుందురు. ఆ కండలన్నియు ఒక్కటి కావు. క్యాన్సరు కాని గడ్డలలో ముఖ్యమైన రెండింటిని గూర్చి పంచాయతీ సభ్యులకు ఇచట తెలుపదలచితిమి.

మొదటిది యాంజియోఫైబ్రోమా. ఇది ఇంచుమించు ఎల్లప్పుడును ఎదుగు వయస్సులోని మగపిల్లలకే వచ్చును. ముక్కు వెనుక భాగమున పుట్టి, రక్తనాళములతో నిండియుండును. పిల్లవానికి తరచు నెత్తురు కారుచుండగా, వేడి చేసినదని మజ్జిగ పట్టించి ఊరకుందురు. అంతకంటె ప్రమాదమైనది, తెలియనివారు దానిని పట్టకారుతో లాగబూనుట. అట్లు కదిపిన నెత్తురు ఆగక ప్రాణమే పోవచ్చును. పరీక్షకై చిన్న ముక్క తీయుటకు వైద్యులే వెనుదీయుదురు. స్కానింగు చూచి నిర్ణయింతురు.

రెండవది ఇన్వర్టెడ్ పాపిల్లోమా. నడివయస్సు దాటిన పురుషులలో హెచ్చు. ఇది తుంగవంటిది; పైపైన కోసిన మరల మొలచును. కొందరిలో క్యాన్సరుగ మారును గనుక అశ్రద్ధ తగదు.

పూర్వము వీనికై ముక్కు ప్రక్కను, లేక పై పెదవి క్రింద కోయవలసి వచ్చెడిది. 1959లో హెరాల్డ్ హాప్కిన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గాజు కడ్డీలతో సన్నని దుర్బిణిని రూపొందించెను. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున మెస్సర్‌క్లింగర్ అను వైద్యుడు దానితో ముక్కు లోపలి గదులను శోధించెను. నేడు రోగికి మత్తునిచ్చి, సుమారు 4 మిల్లీమీటర్ల లావుగల ఎండోస్కోపును రంధ్రముగుండ పంపి, తెరపై చూచుచు, గడ్డను దాని మొదలుతో సహా తీయుచున్నారు. అది అంటియున్న ఎముకను సైతము అరగదీయుదురు. యాంజియోఫైబ్రోమాకైనచో ఒకటి రెండు దినములు ముందుగ తొడ నాళముగుండ సన్నని గొట్టమును పంపి, గడ్డకు పోవు రక్తమును అడ్డగింతురు. ముఖముపై మచ్చ యుండదు. అయితే కన్ను, మెదడు చెంతనే యుండుటచే ఇది నిపుణుల పని. గడ్డ మిక్కిలి వ్యాపించినచో నేటికిని బయట కోత తప్పకపోవచ్చును. తరువాత కొన్ని యేండ్లు పరీక్షకు పోవుచుండవలెను.

హైదరాబాదు కోఠీలోను, విశాఖపట్టణములోను చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేక ప్రభుత్వ వైద్యశాలలు కలవు. నెత్తురు కారునప్పుడు పిల్లవానిని పరుండబెట్టక, కూర్చుండబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును పది నిమిషములు నొక్కిపట్టవలెను. అప్పటికిని ఆగనిచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆగినను, ఒకే ప్రక్కనుండి పదే పదే వచ్చుచున్నచో, ఆ వారములోనే వైద్యునికి చూపించునట్లు తల్లిదండ్రులను ఒప్పింపవలెను.