ఉన్నత పాఠశాలలో విద్యార్థి ప్రగతి: నమోదు, నివేదన, అభినందన

విద్యార్థి ప్రగతి అనగానే మనకు ముందుగా తోచేవి మార్కులు. కాని ‘ప్రగతి’ అంటే ముందుకు సాగడం. దానిని కొలవాలంటే బయలుదేరిన చోటు, చేరిన చోటు రెండూ తెలియాలి. ఒక్క పరీక్షలోని మార్కు విద్యార్థి నిలిచిన చోటును చెబుతుందే గాని, అతడు నడిచి వచ్చిన దూరాన్ని చెప్పదు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని, ఉన్నత పాఠశాల తన విద్యార్థుల ప్రగతిని ఎలా నమోదు చేయాలి, ఎలా తెలియజేయాలి, ఎలా అభినందించాలి అన్న మూడు అంశాలను పరిశీలిద్దాం.

మొదటిది నమోదు. 1952–53 నాటి మాధ్యమిక విద్యా కమిషన్, అనగా ముదలియార్ కమిషన్, ప్రతి విద్యార్థి కృషిని తెలిపే రికార్డును పాఠశాల భద్రపరచాలని, తుది నిర్ణయంలో దానికి తగిన విలువ ఇవ్వాలని సూచించింది. 1967లో మైకేల్ స్క్రివెన్ మూల్యాంకనాన్ని నిర్మాణాత్మకమని, సంగ్రహణాత్మకమని రెండుగా విభజించగా, బెంజమిన్ బ్లూమ్ ప్రభృతులు ఆ విభజనను విద్యార్థుల అభ్యసనానికి అన్వయించారు. దర్జీ కచ్చా కుట్టు వేసి ఒంటికి సరిచూడడం మొదటిది. కుట్టు పూర్తయిన తరువాత తొడిగి చూడడం రెండవది. మొదటి దశలో లోపం కనబడితే దిద్దుకొనే అవకాశం ఉంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించడంలోని ఆంతర్యం ఇదే. తరగతిలో భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టులు, లఘుపరీక్షలు అన్నీ ఆ కచ్చా కుట్టు వంటివే. అయితే ఏడాది చివర కూర్చొని పట్టికలు నింపితే అది నమోదు కాదు, కేవలం కాగితపు పని.

రెండవది నివేదన. ఇక్కడ మా అనుభవాన్ని ఒకటి మనవి చేస్తాము. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా త్రైమాసిక పరీక్షలో లెక్కలకు 22 మార్కులు వచ్చాయి. అర్ధ సంవత్సర పరీక్షలో 34. ఉత్తీర్ణతకు 35 కావాలి గనుక రెండూ ఎర్ర సిరాలోనే పడ్డాయి. కార్డు ఇంగ్లీషులో ఉండేది. మా అబ్బాజాన్ దర్జీ. ఉర్దూ తప్ప చదవలేరు. ఆయనకు తెలిసినది ఎర్ర రంగు ఒక్కటే. “మళ్లీ ఫేలేనా బేటా?” అని సంతకం చేసి, మౌనంగా మిషన్ ముందు కూర్చున్నారు. మరునాడు లెక్కల మాస్టారు ఆయనను పిలిపించి, “మీవాడు మూడు నెలల్లో పన్నెండు మార్కులు పెరిగాడు. భిన్నాలు పట్టుబడ్డాయి, బీజగణితం మిగిలింది” అని ఉర్దూలో చెప్పారు. సంఖ్యలు అవే, ఇంటికి చేరిన సమాచారం మాత్రం వేరు. ఆనాటి నుండి లెక్కల పుస్తకం తెరవడానికి మేము జంకలేదు.

కనుక మంచి నివేదిక మూడు సంగతులు చెప్పాలి: నిరుటికంటే ఏమి మెరుగుపడింది, ఏది మిగిలింది, దానికి ఇంట్లో ఏమి చేయవచ్చు. అదీ తల్లిదండ్రులకు వచ్చిన భాషలో చెప్పాలి. 2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుని అంచనాతో పాటు విద్యార్థి స్వీయ మూల్యాంకనానికి, సహ విద్యార్థుల అభిప్రాయానికి కూడా చోటున్నది. కాని చదువరాని తండ్రికి చదివి వినిపించేవారు లేకపోతే ఎంత సమగ్రమైన పత్రమైనా తెల్లకాగితమే.

మూడవది అభినందన. వార్షికోత్సవంలో ప్రథమ, ద్వితీయ బహుమతులు ఏటా దాదాపు ఆ నలుగురైదుగురికే దక్కుతాయి. వారి ప్రతిభను గౌరవించవలసిందే. అయితే తక్కిన వారంతా చప్పట్లు కొట్టడానికే వచ్చినవారా? 18 నుండి 40కి ఎదిగినవాడు, ఇంటి పనుల మధ్య బడి మానకుండా వచ్చిన బాలిక కూడా వేదిక ఎక్కదగినవారే. అలాగని అందరికీ ఊరకే బహుమతులు పంచితే అభినందనకు విలువ ఉండదు. నమోదు నిజాయితీగా ఉంటేనే ఎవరి ఎదుగుదల నిజమో తెలుస్తుంది.

విద్యార్థులారా, మీలో అనేకులు రేపు ఉపాధ్యాయులవుతారు. ఎర్ర సిరా పట్టుకున్నప్పుడు పాత మార్కును కూడా ఒకసారి చూడండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: మన యాజమాన్యంలోని ఉన్నత పాఠశాలలో ప్రగతి పత్రాన్ని ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ ముద్రించి, వచ్చే వార్షికోత్సవంలో అత్యధిక ప్రగతి సాధించిన విద్యార్థికి ఒక బహుమతి కేటాయించండి. అందుకు పెద్ద ఖర్చు కాదు. ఒక ఇంటిలో కలిగే ధైర్యానికి మాత్రం వెల కట్టలేము.