కీమో తర్వాత బిడ్డకు ఇంట్లో ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలి?

కీమో అయిన కొద్ది రోజులకు బిడ్డ ఒంట్లో తెల్లరక్తకణాలు పడిపోతాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదకు తెస్తుంది. ఎముక మజ్జలో ఆ కణాలు త్వరగా పుట్టేలా చేసే మందు ఫిల్‌గ్రాస్టిమ్. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దీన్ని గ్రాఫీల్ పేరుతో అమ్ముతోంది. చర్మం కింద ఇచ్చే ఈ సూదిని తల్లిదండ్రులు కూడా ఇవ్వవచ్చు. అయితే నర్సు ఎదుట మీ చేత్తో ఇచ్చి, ఆమె సరే అన్నాకే ఇంట్లో మొదలుపెట్టండి.

1. రోజులు ముందే రాయించుకోండి

కీమో ముగిశాక కనీసం 24 గంటలు గడవాలి. తర్వాతి కీమోకు ముందు 24 గంటల్లోనూ ఇవ్వకూడదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

2. మందును జాగ్రత్తగా ఉంచండి

ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య, అట్టపెట్టెలోనే ఉంచండి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ఇచ్చే ముందు అరగంట బయట ఉంచితే మంట తగ్గుతుంది. సీసాను ఊపొద్దు. మందులో నలకలున్నా, రంగు మారినా వాడొద్దు.

3. మోతాదు రెండుసార్లు చూడండి

ఎక్కువ పొరపాట్లకు చోటు ఇక్కడే. డాక్టరు మైక్రోగ్రాముల్లో రాస్తారు, మనం మి.లీ.ల్లో లాగుతాం. కిలోకు 5 మైక్రోగ్రాముల చొప్పున 15 కిలోల బిడ్డకు 75 కావాలనుకుందాం. మి.లీ.కు 300 ఉన్న వయల్ అయితే 0.25 మి.లీ. లాగాలి. అదే 300 అర మి.లీ.లోనే ఉంటే 0.125 చాలు. అందుకే కంపెనీ మారినప్పుడల్లా లేబుల్ చూసి, డాక్టరుతో మళ్లీ లెక్క వేయించండి. ఇన్సులిన్ సిరంజి వద్దు: 10వ గీత దగ్గర 40 యూనిట్ల సిరంజిలో 0.25 మి.లీ. ఉంటే, 100 యూనిట్ల దాంట్లో 0.1 మి.లీ. మాత్రమే ఉంటుంది. మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజి అడిగి తీసుకోండి.

4. సూది వేయండి

చేతులు సబ్బుతో కడుక్కోండి. తొడ ముందువైపు గానీ, బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట మీద గానీ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. రోజూ చోటు మార్చండి. చర్మాన్ని మడతగా పట్టుకుని, నర్సు నేర్పిన కోణంలో గుచ్చి, మందును నెమ్మదిగా ఎక్కించండి. సూది తీశాక దూదితో అదమండి, రుద్దొద్దు. నొప్పే ఉండదని బిడ్డకు అబద్ధం చెప్పొద్దు. “చీమ కుట్టినట్టుంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది” అనండి. నమ్మకం ఉంటేనే బిడ్డ రేపు మళ్లీ కాలు చాపుతుంది. వాడిన సూదికి మూత పెట్టకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలో ఇవ్వండి.

5. తర్వాత కనిపెట్టుకుని ఉండండి

నడుము, కాళ్ల ఎముకలు నొప్పి పుట్టడం మామూలే. పారాసిటమాల్ వేసే ముందు మాత్రం జ్వరం చూసి, డాక్టరును అడగండి. మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది. డొక్కలో ఎడమవైపు పైన గానీ, ఎడమ భుజంలో గానీ నొప్పి వచ్చినా, ఆయాసం, ముఖం వాపు కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌ ఉన్నా, దాటినా తెల్లవారేదాకా ఆగొద్దు. ఈ సూది కణాలు తక్కువగా ఉండే రోజులను తగ్గిస్తుందే తప్ప, వచ్చిన ఇన్ఫెక్షన్‌ను నయం చేయదు. దానికి ఆసుపత్రిలో యాంటీబయాటిక్ పడాల్సిందే.